తొందరేం లేదు, టేక్ యువర్ టైమ్

ఇంగ్లీషులో నాకు వింటేనే ఒళ్ళు మండే మాట ఒకటుంది. "టేక్ యువర్ టైమ్." ఇంగ్లీషు ముక్క రానివాళ్ళకు కూడా ఈ మాట మాత్రం వచ్చు. నిదానంగా కానివ్వండి, మాకేం తొందర లేదు అని దానర్థమట. ఆ అర్థంతో నాతో అన్నవాళ్ళను లెక్కపెడదామంటే, ముందు ఒక్కరైనా దొరకాలి కదా!

నాకు నత్తి. మాట గొంతు దాకా పరిగెత్తుకొచ్చి పళ్ళ దగ్గర ఆగిపోతుంది. బుర్రలో మాత్రం బ్రేకుల్లేవు. ఇప్పుడు మీరు వింటున్నది నా బుర్ర మాట్లాడే మాట, నోరు కాదు. ఇదే నోటితో చెప్పివుంటే ఈపాటికి మీలో సగం మంది గడియారం చూసుకునేవాళ్ళు. చూసుకుంటూనే మొహానికి ఓ చిరునవ్వు పులుముకుని, "పర్లేదండీ, టేక్ యువర్ టైమ్" అనేవాళ్ళు.

టికెట్ల కిటికీ దగ్గర గుమాస్తా ఆ మాట అంటాడు, అంటూనే నా వెనక మనిషిని కళ్ళతో ముందుకు రమ్మంటాడు. హోటల్లో సర్వరు అంటాడు, అనేసి కాగితం మీద పెన్ను ఆనించి నెత్తిమీద నిలబడతాడు. బట్టల కొట్లో తెర వెనక నేను గౌను వేసుకుని చూసుకుంటుంటే బయటినుంచి అమ్మే అమ్మాయి తీయగా అంటుంది, ఆ వెంటనే రెండుసార్లు దగ్గుతుంది. ఫోన్లో కంపెనీ వాళ్ళ రికార్డు గొంతు అయితే మరీ ఘోరం. టేక్ యువర్ టైమ్ అంటుంది, నేను నా పేరులో మొదటి అక్షరం దగ్గరుండగానే లైను కట్ చేస్తుంది. నత్తికి వైద్యం చేసే డాక్టరు దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళాను. ఆయనా అదే మాటన్నాడు, బల్ల మీద గడియారం తనవైపు తిప్పుకుని. ఇంక మళ్ళీ వెళ్తే ఒట్టు.

ఇంట్లోవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు నేనంటే ప్రాణం, ఆ ప్రాణమే నా ప్రాణాలు తోడేస్తుంది. మా వదిన, అంటే మా ఆయన అక్క, చిన్నపిల్లల బడిలో టీచరు. నేను నోరు తెరవగానే తల ఒక పక్కకు వాల్చి, "టేక్ యువర్ టైమ్, అమ్మాయ్" అని, నేను ఊపిరి తీసుకునేలోపు నా వాక్యం తనే పూర్తి చేసేస్తుంది. సగం సార్లు తప్పు పూర్తి చేస్తుంది. కాదని చెప్పాలంటే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, అదో తలనొప్పి. అందుకని నేను చాలాసార్లు ఊఁ కొట్టేస్తాను. నేను ఊఁ కొట్టిన పుణ్యానికి మా ఇంట్లో నాకు ఇష్టంలేని రంగు తెరలు వేలాడుతున్నాయి, నేను తాగని కాఫీ రోజూ నా ముందుకొస్తుంది.

మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, మాత్రం టేక్ యువర్ టైమ్ అని ఏనాడూ అనలేదు. ఆయన అంత మర్యాదస్తుడు కాదు. బస్సు నడిపి రిటైరైన మనిషి, స్టాపు అంటే చిన్నప్పటి శత్రువు ఆయనకి. నేను "మా... మా..." అంటుండగానే "ఊఁ, తెలిసింది, తెలిసింది, పోనీ పోనీ" అంటూ చెయ్యి ఊపేస్తారు. అత్తయ్య పోయాక ఆయనకు మాట్లాడే మనిషి నేనే మిగిలాను, నాకేమో మాట రాదు. అయినా సాయంత్రాలు ఇద్దరం వంటింట్లో కూర్చుని కాలక్షేపం చేసేవాళ్ళం. ఆయన చెప్పడం, నేను వినడం, నేను మొదలుపెట్టడం, ఆయన ముగించడం. కోపం వచ్చేది గానీ, నిజం చెప్పొద్దూ, ఆ మనిషి లేని వంటిల్లు నేను ఊహించుకోలేను.

నన్ను నోటితో కాకుండా చేతితో మాట్లాడనిచ్చే చోటు ఒకటుంది. అది మా కుట్టు వర్క్‌షాపు. నేనక్కడ కటింగ్ పని చేస్తాను. మా ఆయన అక్కడే, గది చివర, ఆవిరి ఇస్త్రీ చేస్తాడు. మెషిన్లన్నీ ఒక్కసారి తిరిగితే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని మా షాపులో ఓ రూలుంది, నేను చేరకముందు నుంచే ఉంది. కత్తిరించబోయే గుడ్డ మీద ఎవరికి అనుమానం వచ్చినా, కొలత తప్పనిపించినా, అంచు తిరగబడిందనిపించినా, మెడలోని కొలతల టేపు తీసి గుడ్డకు అడ్డంగా పరుస్తారు. టేపు పడిందంటే అంతే! కత్తెర కింద పెట్టెయ్యాలి. ఎందుకని అడక్కూడదు, వాళ్ళ తరఫున మనం చెప్పకూడదు. టేపు వేసిన మనిషి సంగతేమిటో తేల్చుకుని, తన టేపు తనే తీసేదాకా ఓనరమ్మ అయినా సరే చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు కదా.

ఆ ఓనరమ్మ కూడా టేక్ యువర్ టైమ్ అంటుంది లెండి. అంటే కస్టమరు ముందు గదిలో కూర్చుని ఉన్నాడని మేం అర్థం చేసుకోవాలి. కానీ టేపు పడితే ఆవిడ కూడా ఆ మాట మింగేస్తుంది. మేం టేపును ఎంతగా అలవాటు చేసుకున్నామంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరైనా ఎదుటివాళ్ళ డబ్బాలోకి చెయ్యి పెడితే దాని మీద కూడా టేపు వేసి నవ్వుకుంటాం. మా ఆయన అక్కడ నా టేపుకు ఎంత విలువిస్తాడో చెప్పలేను. ఇంటికొస్తే మాత్రం నా వాక్యాలు ఆయనా పూర్తిచేస్తాడు. ఇస్త్రీపెట్టె చల్లారగానే మనిషి మారిపోతాడనుకుంటాను.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మామయ్యకు హెర్నియా ఆపరేషను పడింది. వాయిదా వేసి వేసి, నొప్పి తట్టుకోలేక ఒప్పుకున్నారు. ముందురోజే డాక్టర్లు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. మత్తిచ్చేటప్పటికి కడుపు ఖాళీగా ఉండాలి. లోపల తిండి ఏమైనా ఉంటే, స్పృహ లేనప్పుడు అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, మనిషి ప్రాణం మీదికొస్తుంది. వదిన ఆ మాట బడిపిల్లలకు చెప్పినట్టు మామయ్య చేత తిరిగి చెప్పించింది. ఆయన చెప్పారు కూడా, కిటికీలోకి చూస్తూ.

ఆపరేషను రోజు పొద్దున్నే అందరం ఆసుపత్రికి చేరాం. లిఫ్టులో వదిన నా మెడ వంక చూసి, "ఆసుపత్రికి కూడా టేపేనా, అమ్మాయ్? కుట్లు వాళ్ళే వేస్తార్లే" అని నవ్వింది. చూసుకుంటే నిజమే, చేతిసంచితో పాటు టేపు కూడా వేసుకొచ్చేశాను. తీసి సంచిలో పెట్టబోయేంతలో తలుపు తెరుచుకుంది, ఎటు వెళ్ళాలో వెతుక్కునే హడావుడిలో ఆ సంగతి మర్చిపోయాను.

పై అంతస్తులో ఓ చిన్న గది ఇచ్చారు. మంచం, స్టీలు బీరువా, చక్రాల బల్ల, కిటికీ కింద వీధి. మా ఆయన కింద కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. వదిన సిస్టరుతో మాట్లాడుతోంది. మామయ్య కాసేపు మంచం మీద అటూ ఇటూ కదిలి, "కాళ్ళు పట్టేస్తున్నాయి, వరండాలో నాలుగడుగులు వేసొస్తా" అని లేచారు. నేను వెంట వెళ్ళబోతే, "నువ్వెందుకు? తప్పిపోతానా? ఊళ్ళో ప్రతి సందూ తెలుసు నాకు" అన్నారు. వరండాకూ ఊళ్ళో సందులకూ ఏం సంబంధమో నాకప్పుడు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన మొహం కళకళలాడుతోంది. నాలుగడుగులు వేస్తే రక్తం ఆడుతుంది కాబోలనుకున్నాను. సిస్టరు వచ్చి ఆకుపచ్చ గౌను చేతికిచ్చింది. ఆయన బాత్రూంలోకి వెళ్ళి మార్చుకుని, ప్యాంటూ చొక్కా ఉండలా చుట్టి నా చేతిలో పెట్టారు. పెడుతూ నా కళ్ళలోకి చూడలేదు. స్ట్రెచర్ తోసే మనిషి అప్పటికే వచ్చేశాడు. మామయ్య ఎక్కి పడుకున్నారు.

చొక్కా మడతపెట్టబోయాను. జేబు ఎత్తుగా ఉంది. చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. జిడ్డు కాగితంలో చుట్టిన బన్ను, సగం. ఇంకా వేడి తగ్గలేదు. కొరికిన చోట పళ్ళ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. కాగితం మీద ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఉన్న బేకరీ పేరు ఉంది.

మిగతా సగం ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మనిషి గేటు దాటి, వీధి దాటి, బన్ను కొనుక్కుని తినొచ్చాడు! లోపల ఈపాటికి మత్తు సూది సిద్ధం చేస్తూ ఉంటారు. నేను నోరు తెరిచాను.

"మా... మా... మామ..."

మా ఆయన అప్పుడే కౌంటరు దగ్గర్నుంచి వచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి, "భయమేస్తోందా? ఏం కాదు. చిన్న ఆపరేషనే అన్నారుగా" అన్నాడు.

కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. "బ... బ..."

"బాగైపోతారు," అన్నాడు మా ఆయన. కంగారు పడిన కొద్దీ నా మాటకు తాళాలు పడతాయి. నత్తి ఉన్నవాళ్ళకు తెలుసు ఆ బాధ.

ఇంతలో ఆకుపచ్చ టోపీ పెట్టుకుని మత్తు డాక్టరమ్మ గది గుమ్మంలోకి వచ్చింది. ఎర్రటి కళ్ళద్దాలు, చక్కటి నిమ్మళమైన మొహం. స్ట్రెచర్ మీదికి వంగి, "పెద్దాయనా, రాత్రి నుంచి ఏమైనా తిన్నారా? తాగారా?" అని అడిగింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఎవరినడిగిన ప్రశ్నకు వాళ్ళు జవాబు చెప్పే అలవాటు లేదు. నాతో మొదలైన జబ్బు ఇల్లంతా అంటుకుంది. మామయ్య నోరు విప్పేలోపే వదిన అందుకుంది. "అయ్యో, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు డాక్టర్. నేను పక్కనే ఉన్నాను." మామయ్యకు అబద్ధం చెప్పే శ్రమ కూడా తప్పింది. కళ్ళు మూసుకుని తలాడించారు.

"గుడ్," అంది డాక్టరమ్మ. "తీసుకురండి."

నేను ఒక్క ఉదుటున ముందుకెళ్ళి బన్ను ఎత్తి పట్టుకున్నాను. మాట రాకపోతే పోనీ, కళ్ళున్నాయి కదా వీళ్ళకి! డాక్టరమ్మకు చూపించాను, వదినకు చూపించాను, మళ్ళీ డాక్టరమ్మకు చూపించాను. "ఇ... ఇ... ఇది..."

వదిన నా చేతిలోని బన్ను చూసింది. చూసి జాలిగా నవ్వింది. "ఆకలేస్తోందా తల్లీ? దానికి ఇంత మొహమాటం ఏంటి? పొద్దున్నుంచి నువ్వూ ఏం తినలేదుగా. అలా కూర్చుని తినేసి రా. తొందరేం లేదు, టేక్ యువర్ టైమ్."

డాక్టరమ్మ కూడా నవ్వి, "అవునమ్మా, టేక్ యువర్ టైమ్" అంది. అనేసి వెనక్కి తిరిగింది. స్ట్రెచర్ చక్రాలు కదిలాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాటను జన్మంతా విన్నాను. కిటికీల దగ్గర విన్నాను, తెరల వెనక విన్నాను, పడ్డాను, ఊరుకున్నాను. ఇష్టంలేని తెరలు వేస్తే ఊరుకోవచ్చు, తాగని కాఫీ పారబోసుకోవచ్చు. ఇప్పుడు ఊఁ కొడితే మనిషి పోతాడు. రోజూ సాయంత్రం "పోనీ పోనీ" అని నన్ను కాల్చుకుతినే ఆ మనిషి, నిజంగానే పోతాడు.

నోటిని వదిలేశాను. చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది. టేపు లాగి, స్ట్రెచర్ ఈ పక్క కడ్డీ నుంచి ఆ పక్క కడ్డీ దాకా, మామయ్య ఛాతీ మీదుగా అడ్డంగా పరిచేశాను.

స్ట్రెచర్ తోసేవాడికి అదేమిటో అర్థం కాలేదు. "అమ్మా, తీయండి, లేటవుతుంది" అని ఇంకా ముందుకు తోశాడు. అప్పుడు వినపడింది మా ఆయన గొంతు. వర్క్‌షాపులో మెషిన్ల మీంచి అరిచే గొంతు అది, ఆసుపత్రిలో ఎవరూ వాడనిది.

"ఆగండి! టేపు పడింది!"

పరిగెత్తుకొచ్చి స్ట్రెచర్‌కు ఎదురుగా నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏం పడింది?" అంది డాక్టరమ్మ వెనక్కి తిరిగి.

"టేపండీ. మా షాపులో రూలు. తను తీసేదాకా ఏదీ కదలదు."

"ఇది షాపు కాదురా తమ్ముడూ!" అంది వదిన. "పాపం దానికి భయమేసి..."

"అక్కా, నువ్వు మాట్లాడకు. టేపు మీద ఎవరూ మాట్లాడకూడదు."

మా ఆయన వాళ్ళక్కతో అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. డాక్టరమ్మ మా ఆయన మొహం చూసింది, టేపు చూసింది, నన్ను చూసింది. టేక్ యువర్ టైమ్ అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. చేతిలోని ఫైలు చక్రాల బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడింది. అచ్చం మా ఓనరమ్మ నిలబడినట్టు.

నా కోసం ఒక గది ఇలా ఆగడం వర్క్‌షాపు బయట నాకు అదే మొదటిసారి. మాట రాలేదు, నిజమే. పళ్ళ దగ్గర అడ్డం పడింది. వెనక్కి తీసుకున్నాను, మళ్ళీ వదిలాను, మళ్ళీ అడ్డం పడింది. కానీ దాన్ని నా నోట్లోంచి ఎవరూ లాక్కోలేదు. కాసేపటికి అదే దారి చేసుకుంది.

"మా... మామయ్య," అన్నాను, "ఈ బ... బ... బన్ను తి... తి... తిన్నారు. ఇ... ఇప్పుడే."

వదిన చటుక్కున వాళ్ళ నాన్న వైపు తిరిగింది. మామయ్య కళ్ళు మూసుకునే ఉన్నారు. టేపు కింద ఆయన ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. ఒక కన్ను కొంచెం తెరిచి, అందరూ చూస్తున్నారని గమనించి మళ్ళీ మూసేశారు.

"సగమే," అన్నారు.

"నాన్నా!" అని వదిన పెట్టిన కేకకు పక్కగదిలో ఎవరో లేచి కూర్చున్నట్టు మంచం కిర్రుమంది.

"సగమే తిన్నానే! మిగతాది జేబులోనే ఉంది, చూసుకోండి. టీ మటుకు మొత్తం తాగాను." టీ సంగతి మాకెవరికీ తెలియనే తెలియదు. ఆయనే బయటపెట్టుకున్నారు.

డాక్టరమ్మ మొహంలో నిమ్మళం పోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "పెద్దాయనా, ఇంకాసేపుంటే నేను మీకు మత్తిచ్చేదాన్ని. ఆ తిన్నది పైకొచ్చి ఊపిరికి అడ్డం పడితే నేనైనా ఏం చేయగలనో చెప్పలేను. నిన్న అంత చెప్పినా ఎందుకు తిన్నారు?" అంది.

అన్నిటికీ ముందే జవాబుండే మనిషి, తడుముకున్నారు. "భయమేసింది," అన్నారు చివరికి. "డాక్టర్లు ఊరికే చెప్తార్లే అనుకున్నాను. పోతే పోయాను గానీ ఆకలితో పోకూడదనిపించింది."

ఆ మాటకు వదిన ఏడ్చేసింది. "ఏమీ ముట్టలేదని చెప్పేశాను, నాన్నా. నా నోటితో నేనే చెప్పేశాను" అంటూ స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ అది హాయిగా వచ్చిన ఏడుపు. కొంప మునిగిపోయేది, మునగలేదు. మా ఆయన ఇంకా స్ట్రెచర్‌ను వదల్లేదు. దగ్గరికెళ్ళి ఆయన చేతులు విడదీశాను. తర్వాత టేపు తీసి మెడలో వేసుకున్నాను. అప్పుడు గానీ ఎవరూ కదల్లేదు. స్ట్రెచర్ తోసేవాడు కూడా నేను తీసేదాకా చక్రం ముట్టుకోలేదు. రూలు ఎంత త్వరగా నేర్చుకున్నాడో!

ఆపరేషను ఆపెయ్యలేదు, ఆ రోజు వరసలో అన్నిటికంటే చివరికి మార్చారు. అప్పటికి కడుపు ఖాళీ అవుతుందన్నారు. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "ఆ టేపు ఎక్కడ దొరుకుతుంది?" అంది. వేళాకోళమో నిజమో తెలియలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మొత్తం విని మరీ వెళ్ళింది.

పగలంతా వదిన మామయ్య మంచం పక్కనే కాపలా కూర్చుంది. ఆయన బాత్రూంకి వెళ్ళినా జేబులు తడిమింది, గౌనుకు జేబులు లేవని తెలిసి కూడా. సాయంత్రానికి లోపలికి తీసుకెళ్ళారు. మేం ముగ్గురం తలుపు బయట బల్ల మీద వరసగా కూర్చున్నాం. అంతసేపు మిగతా ఇద్దరికీ కూడా నాలాగే మాట రాలేదు. వదిన ఒకసారి నావైపు తిరిగి ఏదో అడగబోయి, నేను జవాబు చెప్పేదాకా ఆగాల్సి వస్తుందని గుర్తొచ్చినట్టు తటపటాయించి, అప్పుడు అడిగింది, ఆగింది. "నీకు ఆ తెరలు నచ్చలేదా?" అని. అంత భయంలో తెరలు ఎందుకు గుర్తొచ్చాయో ఆవిడకే తెలియాలి. నేను నిజం చెప్పాను. చెప్పడానికి కాస్త సేపు పట్టింది.

డాక్టరమ్మ టోపీ తీసుకుంటూ బయటికొచ్చి, "అంతా బాగా జరిగింది" అనగానే ముగ్గురం ఒక్కసారే లేచి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ ఒక్కసారే కూర్చున్నాం. బతికిపోయాం అనుకున్నాను.

కాసేపయ్యాక లోపలికి రమ్మన్నారు. మామయ్య వెల్లకిలా పడుకుని ఉన్నారు. మొహం పాలిపోయింది గానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఏదో చెప్పబోయారు. నాలుక తిరగలేదు. "బ్... బ్..." అని పెదాలు కలుపుతున్నారు, విడదీస్తున్నారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదని, మాట కాసేపు ముద్దగా వస్తుందని సిస్టరు చెప్పింది.

"బాధగా ఉందా నాన్నా?" అంది వదిన.

కాదన్నట్టు కనుబొమలు ముడిచారు. "బ్..."

"బాత్రూమా?" అన్నాడు మా ఆయన.

"బిగుతుగా ఉందా కట్టు? సిస్టర్ని పిలవనా?" అంది వదిన.

మామయ్య కళ్ళల్లో నిప్పులు కనిపించాయి. ఆ కోపం నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నోట్లో మాట ఉండగా పక్కవాళ్ళు తలా ఒక మాట తెచ్చి అందులో కుక్కుతుంటే వచ్చే కోపం అది. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మెడలోని టేపు తీసి ఆయన దుప్పటి మీద అడ్డంగా పరిచాను.

వదిన, మా ఆయన ఇద్దరూ టక్కున నోళ్ళు మూశారు.

మామయ్య టేపు వంక చూశారు, నా వంక చూశారు. ఇక తొందర లేదన్నట్టు నిదానంగా ఊపిరి తీసుకున్నారు. పెదాలు తడుపుకున్నారు. మేం ఆగాం.

"బ్... బన్ను," అన్నారు. "మి... మిగతా సగం... ఏం చేశావ్?"

మా ఆయన గోడవైపు తిరిగిపోయాడు, భుజాలు ఊగుతున్నాయి. వదిన నవ్వుతూ ఏడుస్తూ ముక్కు తుడుచుకుంది. నేను జవాబు మొదలుపెట్టాను.

"నే... నే... నేనే..."

మామయ్య నోరు తెరుచుకుంది. ఏమనబోతున్నారో నాకు కనపడుతూనే ఉంది. ఊఁ, తెలిసింది, పారేశావు, పోనీ పోనీ. నాలుక మొద్దుబారినా ఆ మాటలు అనడానికి ఆయనకు మత్తు అడ్డం కాదు. కానీ చూపు దుప్పటి మీద టేపు దగ్గర ఆగింది. నోరు మూసుకున్నారు. చెయ్యి పక్కకు జరిపి, మంచం అంచు మీద నాకు కూర్చోడానికి చోటు చేశారు. టేక్ యువర్ టైమ్ అనలేదు. నా మొహంలోకి చూస్తూ ఊరికే ఆగారు.

ఇన్నేళ్ళలో ఆయనతో మొదలుపెట్టిన ఒక్క వాక్యం కూడా నేను పూర్తి చెయ్యలేదు. కూర్చున్నాను. మొత్తం చెప్పాను.

"నే... నేనే తి... తినేశాను, మామయ్యా. మీరు లో... లోపల ఉంటే భ... భయమేసింది. భయమేస్తే ఆ... ఆకలేసింది."

ఆయన పెదాలు చప్పరించుకున్నారు. "బా... బాగుందా?"

"బా... బాగుంది."

"అయితే రేపు ఇంకోటి తే," అన్నారు మామయ్య, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ. "డాక్టరమ్మని అడిగి తే. మీ వదిన కాదు, నువ్వే అడుగు."